పురుగు రాకముందే లెక్క వేయగలరా?

మీ ఫైనలియర్ ప్రాజెక్టు ఏంటి? ‘ఆకు ఫొటో చూసి తెగులు చెప్పే యాప్, 98 శాతం యాక్యురసీ’ అంటారా? ఆరేళ్ల కిందట నాదీ అదే. ఆ ప్రాజెక్టు తప్పని అనను. కానీ ఆకు ముడుచుకున్నాక ఫొటో తీసి చెబితే రైతుకు కొత్తగా తెలిసేదేముంది? ఆయన అడిగేది వేరే. ‘ఆ పురుగు మా తోటకీ వస్తుందా? వస్తే ఎంత పోతుంది?’

ఈ ప్రశ్నకు పద్ధతిగా జవాబు వెతకడమే పెస్ట్ రిస్క్ అనాలిసిస్. విదేశీ పండ్లు, మొక్కలు కొత్తగా దేశంలోకి రావాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం ముందు ఈ లెక్క తేలాలి. అందులో ప్రధానంగా నాలుగు ప్రశ్నలుంటాయి. పురుగు ఏ దారిలో రావచ్చు? ఇక్కడి ఎండావానలకు బతుకుతుందా? ఎంత వేగంగా పాకుతుంది? ఎంత నష్టం చేస్తుంది?

బొప్పాయి పిండినల్లినే తీసుకోండి. పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. 1990ల్లో కరీబియన్ దీవుల్లో పాకింది. 1998లో ఫ్లోరిడా, 2002లో గువామ్, 2008లో ఇండోనేసియా. అదే ఏడాది మన కోయంబత్తూరు. మ్యాపు మీద వరుసగా చుక్కలు పెట్టి చూడండి, అది ఎటు నడుస్తోందో మీకే అర్థమవుతుంది. దానిలో గుడ్లు పెట్టి చంపే చిన్న కందిరీగలు గువామ్‌లో 2002లోనే వదిలారు, ఫలితమూ వచ్చింది. మనం వాటిని ప్యూర్టోరికో నుంచి తెప్పించుకుంది 2010లో. అప్పుడుగానీ అదుపులోకి రాలేదు. విరుగుడు ముందే ఉన్నా, మధ్యలో రెండేళ్లు రైతులు నష్టపోయారు.

ఇంకోటి మన ఇంటి కథే. ఇండోనేసియాలో మిర్చిని పీడించే ఓ తామర పురుగు 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనిపించింది. మన దేశంలో అదే తొలి నమోదు. 2021 మొదట్లో గుంటూరు జిల్లా మిర్చి పూతలో తేలింది. ఆ తర్వాతి సీజన్లో ఖమ్మం, వరంగల్ వైపు రైతులనూ ముంచింది. ‘నల్ల తామర పురుగు’ అంటే ఇప్పుడు అక్కడ తెలియనివారు ఉండరు. బొప్పాయి నుంచి మిర్చి దాకా మధ్యలో ఆరేళ్లు. అది మనకు దొరికిన గడువు.

ఇందులో మన ఇంజినీర్లకేం పని అంటారా? చాలా ఉంది, కాకపోతే ముందు కొన్ని అలవాట్లు వదులుకోవాలి. వంద తోటల్లో రెండింటికే పురుగు సోకిందనుకోండి. ‘ఎక్కడా లేదు’ అని కళ్లు మూసుకుని చెప్పే మోడల్‌కీ 98 శాతం యాక్యురసీ వస్తుంది. దొరకాల్సిన ఆ రెండు తోటలు మాత్రం దొరకవు. పోనీ అన్నిచోట్లా ఉందని భయపెడితే, రైతు అనవసరంగా మందు కొడతాడు. ఏ తప్పుకు ఎంత ఖరీదో తేల్చుకోవడమే ఇక్కడ అసలు ఇంజినీరింగ్. అలాగే మ్యాపులో ఖాళీ ఉందంటే అక్కడ పురుగు లేదని కాదు, ఎవరూ వెతకలేదని కూడా కావచ్చు. ఈ తేడా కోడ్ చెప్పదు. పురుగుల శాస్త్రం తెలిసినవారిని అడిగితేనే తెలుస్తుంది.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్తాను. క్వారంటైన్ అధికారుల పోస్టులకు సాధారణంగా వ్యవసాయం, జీవశాస్త్రాల డిగ్రీలే అడుగుతారు. బీటెక్‌తో నేరుగా అటు వెళ్లడం కష్టం. మనకున్న దారి డేటా, మ్యాపింగ్, వాతావరణ మోడలింగ్. అగ్రిటెక్, పంటల బీమా, పండ్ల ఎగుమతి రంగాల్లో ఈ నైపుణ్యాలు పనికొస్తాయి. అగ్రికల్చర్ బీఎస్సీ చదివేవారికి నా సలహా తిరగేసి ఉంటుంది: మీకు పురుగు తెలుసు, కాస్త పైథాన్ నేర్చుకోండి.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మామిడి, జామ, బొప్పాయి... ఏదో ఒక పండు, దాన్ని తినే ఒక విదేశీ పురుగు ఎంచుకోండి. అది ఎక్కడెక్కడ కనిపించిందో జీబీఐఎఫ్‌లో ఉచితంగా దొరుకుతుంది, వాతావరణ డేటా వరల్డ్‌క్లిమ్‌లో ఉంటుంది. రెండూ కలిపి మ్యాపు గీయండి. కింద మీ లెక్క ఎక్కడ తప్పొచ్చో ఒక పేజీ రాయండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థలో ఈ విషయం మీద శిక్షణలు ఇస్తారు, వాటి వివరాలూ చూడండి. చివరగా ఆ మ్యాపు పట్టుకెళ్లి ఒక తోట రైతుకు చూపించండి. ఆయన అడిగే మొదటి ప్రశ్నకు మీ దగ్గర జవాబుంటే, ఇంటర్వ్యూ గదిలో అడిగే ప్రశ్నలకు మీరు పెద్దగా భయపడక్కర్లేదు.