వినడం లేదా, వినపడ్డం లేదా?

ఈ నెల మా ఇంటి సంగతే రాస్తున్నాను.

మా ఆయన ఇరవై రెండేళ్లుగా బియ్యం మిల్లులో పనిచేస్తున్నారు. ఓ రోజు కొట్టుకెళ్లి పసుపు తెమ్మంటే పప్పు తెచ్చారు. "నా మాటంటే మీకు లెక్కే లేదు" అని అరిచాను. ఇలాంటి గొడవలు రెండేళ్లు నడిచాయి. ఓ సాయంత్రం మనవరాలు వెనకాల నిలబడి "తాతా, తాతా" అని పిలుస్తుంటే ఆయన తిరిగి చూడలేదు. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. నా గుండె గుభేలుమంది. మిల్లుకి సెలవున్న రోజు చూసి కాకినాడ పెద్దాసుపత్రికి బస్సెక్కాం.

అక్కడ డాక్టరమ్మ బొమ్మ చూపించి చెప్పారు. బయటి చెవి శబ్దాన్ని లోపలికి పంపుతుంది. దాని చివర డప్పు చర్మంలా కర్ణభేరి ఉంటుంది. దాని వెనక మూడు బుల్లి ఎముకలు ఆ అదురుని ఇంకా లోపలికి అందిస్తాయి. లోపల నత్తగుల్లలాంటి కర్ణావర్తం. అందులో ఒక్కో చెవికి సుమారు 15,000 సన్నటి రోమకణాలుంటాయి. అవి కదిలితేనే నరం ద్వారా మెదడుకి కబురు వెళ్తుంది. వరిచేను గాలికి వంగి లేస్తుంది గానీ, రోజూ తొక్కితే లేవదు కదా. ఇవీ అంతే. పైగా చేను మళ్లీ వేసుకోవచ్చు, ఇవి మళ్లీ మొలవవు. నొప్పి ఉండదు, చీము రాదు. అందుకే మనకి తెలియదు.

తర్వాత నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టారు. బొంగురు శబ్దం నుంచి కీచు శబ్దం దాకా వినిపిస్తారు. ఎంత చిన్నగా వినపడినా మీట నొక్కాలి. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు వేసి గీత గీస్తారు. మా ఆయన గీత మొదట బాగానే ఉండి, 4000 హెర్ట్జ్ దగ్గర గోతిలో పడ్డట్టు దిగిపోయింది. మిల్లు మోత ముందు దెబ్బకొట్టేది అక్కడేనట. 'స', 'ష' లాంటి అక్షరాలు, పసిపిల్లల సన్నటి గొంతు సరిగా అందవట. పసుపు పప్పెలా అయిందో అప్పుడర్థమైంది. రెండేళ్లు తిట్టినందుకు సిగ్గేసింది.

మా పెద్దోడు ఈ సంక్రాంతికే అదే మిల్లులో చేరాడు. చెవి ప్లగ్గులు పెట్టుకోరా అంటే "నాన్న పెట్టుకున్నాడా ఏంటి?" అన్నాడు. ఆయన ఏమీ అనకుండా ఆ గీత కాగితం తెచ్చి వాడి చేతిలో పెట్టారు. మర్నాటి నుంచి వాడు పెట్టుకునే వెళ్తున్నాడు.

గుర్తుంచుకోండి:

చెయ్యి చాపినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే ఆ మోత చెవికి చేటే.

దూది చాలదు, ప్లగ్గులే కావాలి. చెవిలో నూనె, పుల్ల వద్దు.

డ్యూటీ దిగి నేరుగా పరీక్షకి వెళ్లొద్దు. చెవి మొద్దుబారి ఉంటుంది. ముందు రోజు నుంచీ మోతకి దూరంగా ఉండండి.

మోత వల్ల వచ్చే చెవుడు చట్టం ప్రకారం వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. కాగితాలు భద్రంగా దాచుకోండి.

ఇప్పుడు నేను ఆయన ఎదురుగా నిలబడి, మొహం చూస్తూ మాట్లాడుతున్నాను. మీ ఇంట్లోనూ "వినడు" అనే ముందు, వినపడుతోందో లేదో ఒకసారి చూడండమ్మా.