ఇఫ్ కనబడగానే వర్ పెట్టేయకండి

సంపాదకులకు,

గత సంచికలోని ఇంగ్లీషు వ్యాకరణ వ్యాసంలో, ఇఫ్ తర్వాత వాజ్ రాయడం తప్పనీ, ఎప్పుడూ వర్ అనే రాయాలనీ తేల్చేశారు. పోటీ పరీక్షల గైడ్లలో కనిపించే సూత్రమే ఇది. సగమే నిజం.

‘ఇఫ్ ఐ వర్ యూ’ సరే. నేను మీరు కాలేను కదా. కానీ ‘ఇఫ్ హి వాజ్ ఇన్ ద ఆఫీస్ యెస్టర్‌డే, హి సైన్డ్ ద రిజిస్టర్’ అన్నప్పుడు అతను వచ్చాడో లేదో మనకు తెలియదు, అంతే. వచ్చే ఉండొచ్చు. అక్కడ వర్ పెట్టడమే తప్పు. ‘షి ఆస్క్‌డ్ ఇఫ్ ఐ వాజ్ రెడీ’లోనైతే షరతే లేదు, ఉన్నది ప్రశ్న. వ్యాసకర్త సూత్రం దాన్నీ దిద్దేస్తుంది!

వాజ్, వర్‌ల మధ్య మన పిల్లల తడబాటుకు మూలం వేరు. తెలుగులో ‘నిన్న వచ్చి ఉంటే’ అన్నది వచ్చి ఉండొచ్చు అనుకున్నా, రాలేదని తెలిసినా రెంటికీ సరిపోతుంది. ‘సంతకం ఉంటుంది’, ‘సంతకం ఉండేది’ అంటూ తేడా చివరి క్రియలో తేలుతుంది. ఇంగ్లీషులో ఇఫ్ పక్కనున్న క్రియ దగ్గరే ఆ తేడా మొదలవుతుంది. వ్యాసం ఈ ఊసే ఎత్తలేదు.

ఇక ‘ఇఫ్ ఐ వాజ్ రిచ్’ మాటేమిటంటే, సబ్జంక్టివ్ (ఈ వర్‌లాంటి ఊహార్థక క్రియారూపం) కొన్ని వాడుకల్లో తప్ప కొనఊపిరితో ఉందని ఇంగ్లీషు వాడుకపై పుస్తకం రాసిన ఫౌలర్ 1926లోనే అన్నాడు. 2002లో వచ్చిన కేంబ్రిడ్జ్ బృహద్వ్యాకరణం వర్‌ను లాంఛనప్రాయమైన రూపంగా చెబుతూనే వాజ్‌నూ ఒప్పుకుంటుంది. పరీక్షలో వర్ రాయమనండి, కాదనను. రిజిస్టర్ వాక్యంలాంటి వాటికైనా వచ్చే సంచికలో సవరణ వేయండి.

— ఒక ఇంగ్లీషు టీచరు, హనుమకొండ