పిల్లల కితాబులు పారేసే ముందు ఒక్క మాట అడగండి



ఇల్లు మారినా, షాదీకి రంగులు వేయించినా, రంజాన్ ముందు అల్మారాలు సర్దినా మన ఇళ్లల్లోంచి మొదట బయటికెళ్లేవి పిల్లల కితాబులే. స్కూలు పుస్తకాలైతే ఎవరికైనా ఇస్తాం. ఆటల పుస్తకాలు, బొమ్మల పుస్తకాలు అయితే ‘ఫిజూల్’ అని నేరుగా రద్దీలో పడేస్తాం. నేనూ అదే గల్తీ చేశాను. అందుకే ఈ నాలుగు ముక్కలు.

మేం ఉండేది షికాగో దగ్గర. 2013లో పెద్దిల్లు అమ్మేసి చిన్నింటికి మారాం. మా పెద్దబ్బాయి అప్పటికే నౌకరీ మీద వేరే ఊళ్లో ఉన్నాడు. వాడి గదిలో ఒక అట్టపెట్టె నిండా బరువైన కితాబులు కనిపించాయి. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటవి. పాతికేళ్లు దాటినవాడికి ఇంకా ఈ ఆటలేంటి అనుకుని, జనం ఇచ్చేసిన సామాను అమ్మే ఒక దుకాణంలో ఇచ్చేసి వచ్చాను. ఒక్క ఫోన్ చేసి అడుగుదామని కూడా తోచలేదు.

ఈ ఆట తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు ఖిస్సా నడిపిస్తారు. మిగతావాళ్లలో ఒకరు సిపాయి, ఒకరు చోర్, ఒకరు జాదూగర్, ఇలా తలా ఒక పాత్ర తీసుకుంటారు. గుహ తలుపు తెరవాలా వద్దా అన్నది వాళ్ల మర్జీ. అది తెరుచుకుంటుందా లేదా అన్నది ఇరవై ముఖాల పాసా తేలుస్తుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ఈ ఆట 1974లో అచ్చయింది. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా దీని పుట్టిల్లు. మా ఇంటి నుంచి కారులో పోయి రావచ్చు. ముఖ్యంగా మూడు కితాబులు ఉంటాయి: ఆడేవాళ్లకొకటి, ఖిస్సా నడిపేవాడికొకటి, వింతజీవాలదొకటి.

మావాడి దగ్గరున్నవి 2000లో మొదలైన మూడో ఎడిషన్‌వి. వాటి అట్ట చూస్తే ఎవరికైనా షక్ వస్తుంది. తోలు బైండింగు, లోహపు పట్టీలు, పొదిగిన రాళ్లు ఉన్న ఏ కాలం నాటిదో కితాబులా అచ్చువేశారు. మా బేగం మొదటిసారి చూసి “ఇదేంటండీ, జాదూ కితాబా?” అని హడలిపోయింది. తనొక్కతే కాదు. 1980లలో ఇక్కడి క్రైస్తవుల్లో కొందరు దీన్ని షైతాన్ ఆట అని పెద్ద గొడవే చేశారు. మనవాళ్లకు పాసా అంటే ఇంకో పరేషానీ. ఇందులో పందెం లేదు, పైసా లేదు. అయినా మనసొప్పనివాళ్లు ఆలిములను అడిగి తేల్చుకోవచ్చు. ఆట ఆడాలా వద్దా అన్నది వేరే బహస్. నేను మాట్లాడేది కితాబుల గురించి.

ఇల్లు మారిన ఏడాదికి ఈద్‌కి వచ్చినప్పుడు మావాడు అడిగాడు. “అబ్బా, నా ఆట కితాబుల డబ్బా ఏ గదిలో ఉంది?”

“ఇచ్చేశాను బేటా. కావాలంటే మళ్లీ కొనుక్కో.”

వాడు అరవలేదు. కాసేపాగి, “దాంట్లో దాదీమా రాసింది ఉంది అబ్బా” అన్నాడు.

ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. మా అమ్మీ గుంటూరు నుంచి వచ్చి ఒక చలికాలమంతా మాతో ఉంది. ఆమె చదువంతా ఉర్దూలోనే. మనవడు ఒళ్లో కితాబ్ పెట్టుకుని కూర్చుంటే “క్యా హై రే ఇస్మే?” అని అడిగేదట. వాడు చూపించాడు. జిన్, ఇఫ్రీత్, గూల్, రుఖ్ పక్షి. అమ్మీ నవ్విందట, “యే తో హమారే హైఁ” అని. నిజమే కదా. అమీర్ హమ్జా దాస్తాన్ విని పెరిగినవాళ్లకు వీటిలో ఏది కొత్త? లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్ 1883 నుంచి ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’ జిల్దుల మీద జిల్దులు అచ్చువేసింది. ఇంగ్లీషు పిల్లలు పాసా విసిరి ఇప్పుడు చెప్పుకుంటున్నది అలాంటి ఖిస్సాలే.

ఖిస్సా నడిపేవాడి కితాబులో ఒక సంచి ఉంది. చూడ్డానికి మామూలు గుడ్డ సంచి, లోపల మాత్రం ఎన్ని వస్తువులో పడతాయి. మావాడు అది చదివి వినిపిస్తే అమ్మీ వెంటనే “అరే, అమ్రో అయ్యార్ జంబీల్!” అందట. ప్రపంచమంతా పట్టే ఆ జంబీల్ కథలు రాత్రిళ్లు కూర్చోబెట్టి చెప్పింది. ఆ పేజీ పక్కన పెన్సిల్‌తో ఉర్దూలో ‘జంబీల్’ అని తన చేత్తో రాసింది.

2009లో అమ్మీ ఇంతకాల్ అయింది. నా పిల్లల దగ్గర ఆమె చేతిరాత అదొక్కటే ఉంది. దాన్ని నేను సామానులో కలిపి ఇచ్చేశాను. మర్నాడే దుకాణానికి పోయాం. ఏడాది కిందటి డబ్బా ఎవరికి గుర్తుంటుంది?

“అదే కితాబ్ మళ్లీ దొరుకుతుంది కదా” అని నాలాగే మీరూ అనొచ్చు. దొరుకుతుంది. 1970లలో వచ్చిన ఆ మొదటి మూడు కితాబులనూ 2012లో కంపెనీయే మళ్లీ అచ్చువేసి, 2008లో పోయిన గైగాక్స్ స్మారకానికి అమ్మకంలో కొంత ఇచ్చింది. అక్షరం మళ్లీ అచ్చువేయొచ్చు. పెన్సిల్ రాత ఎక్కడ తెస్తాం?

మన పాత ఇళ్లు గుర్తుచేసుకోండి. దుల్హన్‌కి ఇచ్చిన ‘బెహిష్తీ జేవర్’ మొదటి పేజీలో పిల్లలు పుట్టిన తారీఖులు రాసుకునేవాళ్లు. ఆ జిల్దు ఊడిపోయినా ఎవరూ రద్దీలో వేయరు. దీనీ కితాబ్ కాబట్టి ఎలాగూ వేయం, అది వేరు. కానీ కొత్తది కొనుక్కున్నాక కూడా పాతదాన్ని సందూక్‌లో దాచుకున్నది ఆ తారీఖుల కోసమే కదా. మన పిల్లల తారీఖులు వేరే కితాబుల్లో ఉన్నాయి. దోస్తుల పేర్లు, చాయ్ మరకలు, చెరిపి చెరిపి పలచబడ్డ కాగితాలు. మనకు అర్థంకాని జబాన్‌లో ఉన్నంత మాత్రాన అవి ఫిజూల్ అయిపోతాయా?

ప్రతి కాగితమూ దాచుకుంటే ఇంట్లో మనిషికి జాగా ఉండదు, ఒప్పుకుంటా. దాచమని నేను అనడం లేదు, అడగమంటున్నా. పిల్లలు మన ఇంట్లో వదిలివెళ్లిన వస్తువు మన సొత్తు కాదు, అమానత్. పారేసే ముందు ఒక్క ఫోన్ చేయండి. పేజీలు ఒకసారి తిప్పండి, రాత ఉన్న చోట ఫోటో తీయండి. పిల్లలూ, మీకూ ఒక మాట. అమ్మానాన్నలకు గైబ్ తెలియదు. ఏ డబ్బాలో మీ ప్రాణం ఉందో దాని మీద రాసిపెట్టి వెళ్లండి.

పోయినేడు మావాడు ఆ కితాబ్‌నే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. తెరిచి చూస్తే అంచుల్లో ఎవరో పిల్లవాడి పెన్సిల్ లెక్కలు, ఒక కత్తి బొమ్మ. రబ్బరుతో చెరిపేద్దామా అన్నాను.

“వద్దు అబ్బా. మనది ఎవరి దగ్గరుందో! వాళ్లూ చెరపకుండా ఉంచితే చాలు” అన్నాడు.

ఆమీన్ అన్నాను.