పంచాయతీ గోడ దగ్గర ఆగిన తీగ

ఉపాధి పనికి పోతే రోజుకు రెండు ఫొటోలు యాప్‌లో ఎక్కాలి. రేషన్ బియ్యానికి వేలిముద్ర పడాలి. బడిలో టీచరు ముఖం ఫోనుకు చూపాలి. మనల్ని ఇన్నిచోట్ల నెట్ అడిగే ప్రభుత్వం మన గూడేనికి నెట్ ఇచ్చిందా?

2011లో కేంద్రం రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ వేస్తామంది. తర్వాత దానికే భారత్‌నెట్ అని పేరు పెట్టింది. మైదానంలో పంచాయతీ అంటే చాలాచోట్ల ఒకటే ఊరు. ఏజెన్సీలో పంచాయతీ అంటే కొండకొకటిగా ఉన్న గూడేలు. తీగ ఆఫీసు గోడ దగ్గర ఆగితే గూడెంలో పిల్ల పాఠం ఎలా వింటుంది? గట్టెక్కితే దొరికే రెండు గీతల సిగ్నల్‌తోనా?

2023లో పథకాన్ని సవరించి, మిగిలిన ఊళ్లకు అడిగితే ఇస్తామన్నారు. మరి రెవెన్యూ లెక్కల్లో లేని గూడెం అడిగితే అది ఊరే కాదంటారా?

ఇది దానం కాదు. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం ఇలాంటి పల్లెల కోసమే వసూలు చేస్తున్నారు. ఆ ఆదాయంలో మన రీఛార్జి డబ్బులూ ఉన్నాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, టీచర్లూ! గ్రామసభలో తీర్మానం రాయించండి. గూడెం పేరు, ఇళ్ల సంఖ్య, పంచాయతీ నుంచి దూరం అందులో ఉండాలి. తీగ ఇంటికి రాకుండా వచ్చిందని ఎవరూ సంతకం పెట్టొద్దు.