నల్లకోటుకు అడ్డు మద్యమా, కులమా?

కొన్ని నెలల కిందట నా పూర్వ విద్యార్థి ఒకరు బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ దరఖాస్తు పట్టుకొని నా గదికి వచ్చాడు. క్రిమినల్ కేసుల వివరాలు రాయవలసిన చోట వేలు పెట్టి, ‘సార్, ఇక్కడ ఏం రాయమంటారు?’ అని అడిగాడు. మాదిగవాడలో పుట్టి, బడికంటే బెల్టు షాపు దగ్గరగా ఉన్న వీధిలో పెరిగినవాడు. ఇరవైల్లో రెండుసార్లు తాగి బండి నడుపుతూ దొరికాడు. రెండోసారి కొన్ని రోజులు జైల్లో ఉన్నాడు. ఆ తర్వాత డీ-అడిక్షన్ కేంద్రంలో చేరాడు. నాలుగేళ్లుగా చుక్క ముట్టలేదు; ఆ కాలంలోనే లా పూర్తి చేశాడు. ‘ఏమీ లేవని రాసెయ్, ఎవరు చూస్తారు’ అని ఒక సీనియర్ న్యాయవాది సలహా ఇచ్చారట.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1961 నాటి న్యాయవాదుల చట్టం 24ఏ సెక్షన్ మూడు రకాల అనర్హతలను పేర్కొన్నది. నైతిక పతనంతో కూడిన నేరంలో శిక్ష పడినవారు, 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం కింద శిక్ష పడినవారు, నైతిక పతనం అభియోగంపై ప్రభుత్వ ఉద్యోగం పోగొట్టుకున్నవారు న్యాయవాదులుగా నమోదు కారాదు. ఈ అనర్హత కూడా శాశ్వతం కాదు. విడుదలైన లేదా ఉద్యోగం పోయిన రెండేళ్లకు తొలగిపోతుంది. ఇందులో తాగుడు ప్రస్తావన లేదు. పార్లమెంటు పేరుపెట్టి చెప్పిన నేరం ఒక్కటే, అంటరానితనం. కానీ మన న్యాయవాద లోకంలో ‘శీలం’ గురించి చర్చ వస్తే తాగుడే గుర్తుకు వస్తుంది, కుల వివక్ష గుర్తుకు రాదు.

‘నైతిక పతనం’ అంటే ఏమిటో ఆ చట్టం నిర్వచించలేదు. నిర్వచనం లేనిచోట నిర్ణేతల సంస్కారమే నిర్వచనమవుతుంది. 20 రూపాయల జరిమానా పడిన ఒక చిన్న ఉద్యోగిని హరియాణాలో కొలువు నుంచి తొలగిస్తే, ఆ నేరం దానంతటదే నైతిక పతనం కాదని 1996లో పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

తాగి బండి నడపడం చిన్న తప్పని నేను అనడం లేదు. రోడ్డు మీద పోయే ప్రాణం ఎవరిదైనా ప్రాణమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడింది తమ ఇళ్లు కూలిపోతున్నందుకే. ఆ పోరాటం మనకు మరో సత్యం కూడా నేర్పింది: వాడల్లోకి మద్యాన్ని పారించి ఖజానా నింపుకున్నది ప్రభుత్వమే. అమ్మినవాడికి ఆదాయం, తాగినవాడికి నేరచరిత్ర. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే జరిమానా 10,000 రూపాయలు. క్లబ్బులో తాగి డ్రైవరుతో ఇంటికి వెళ్లేవాడికి ఆ నాకాబందీతో పనే లేదు. కూలివాడికి అది నెల సంపాదన, కట్టలేకపోతే జైలు.

2024లో గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, చట్టం నిర్ణయించిన దానికి మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు వసూలు చేయరాదని తీర్పు ఇచ్చింది. ఎస్సీ, ఎస్టీలకు అది మొత్తం 125 రూపాయలే. డబ్బు రూపంలోని అడ్డంకిని కోర్టు అలా తగ్గించింది. ‘శీలం’ రూపంలోని అడ్డంకి అలాగే ఉంది.

దీనికి పరిష్కారం అసాధ్యమేమీ కాదు. ఏ నేరాన్ని ఎలా పరిగణిస్తారో బార్ కౌన్సిళ్లు రాతపూర్వకంగా ప్రకటించాలి. నిజం చెప్పినవాడికి, దాచినవాడికి మధ్య తేడా చూపాలి. చికిత్సను, మద్యం మానిన కాలాన్ని అభ్యర్థికి అనుకూలమైన సాక్ష్యంగా స్వీకరించాలి. దరఖాస్తును తిరస్కరించదలిస్తే కారణాలతో భారత బార్ కౌన్సిల్ అభిప్రాయానికి పంపాలని 26వ సెక్షన్ ఇప్పటికే చెబుతున్నది. ఆ కారణాల్లో కులపు వాసన ఉన్నదేమో ఎవరైనా పరిశీలించగలగాలి. అన్నిటికంటే ముందు, అంటరానితనం నేరం గురించిన ప్రశ్నను ప్రతి అభ్యర్థినీ సూటిగా అడగాలి.

నా విద్యార్థి సీనియర్ సలహా పాటించలేదు. రెండు కేసులనూ తేదీలతో సహా రాశాడు. చికిత్స కాగితాలు జతచేశాడు. అతని నడవడి గురించి నేను ఒక లేఖ ఇచ్చాను. దరఖాస్తు ఇంకా పరిశీలనలోనే ఉంది. అబద్ధం రాస్తే ఈపాటికి నల్లకోటు వేసుకొని ఉండేవాడేమో. నిజం రాసినవాడు బయట నిలబడి ఎదురుచూస్తున్నంత కాలం, న్యాయవాద వృత్తి ఎవరి శీలాన్ని పరీక్షిస్తున్నదో ఆ వృత్తిలోని పెద్దలే చెప్పాలి.