అది పాత బగ్గేనండీ!

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఓ అలవాటుంది. కొత్త కోడ్ పెట్టిన మర్నాడే ఏదో ఆగిపోయిందనుకోండి, నోట్లోంచి వచ్చే మొదటి మాట: "అది ముందునుంచీ ఉందండీ, పాత బగ్గు." లీడ్ కాస్త బుర్రున్నవాడైతే ఒక్కటే అడుగుతాడు: "అయితే మొన్నటి లాగ్ చూపించు."

తుమ్మలపల్లె గురించి చదివినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

కడప జిల్లా వేముల మండలంలోని ఈ యురేనియం గనికి 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో ఉత్పత్తి మొదలైంది. భూగర్భ గని. రోజుకి 3,000 టన్నుల రాయిని శుద్ధి చేసే సామర్థ్యంతో పక్కనే కర్మాగారం కట్టారు. టన్ను రాయికి దొరికే యురేనియం ఎంతనుకున్నారు? అర కిలో కూడా కాదు! మిగిలిన బురద కొట్టాల దగ్గరున్న వ్యర్థాల చెరువులోకి పోతుంది. బోర్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి షోకాజ్ నోటీసు కూడా ఇచ్చింది. యురేనియం కార్పొరేషన్ జవాబేమిటయ్యా అంటే.. ఈ నేలలో యురేనియం సహజంగానే ఉంది, నీళ్ళలో కనపడేది అదేనని.

అంటే, పాత బగ్గు!

ఆ మాటలో కొంత నిజం ఉండొచ్చు. యురేనియం ఉన్న రాతిలోంచి ఊరే నీళ్ళలో అది కాస్తో కూస్తో ఉంటుంది. కానీ అక్కడ యురేనియాన్ని కరిగించేది సోడియం కార్బొనేట్‌తో. మరి బోరు నీళ్ళలో సోడియం ఎప్పుడు పెరిగింది, చెరువుకి ఏ దిక్కున పెరిగింది? ఇది చూడ్డానికి అణుశాస్త్రం చదవక్కర్లేదు. 2012కి ముందు ఏ బోరులో ఎంతుందో, ఇప్పుడెంతుందో బోరు వారీగా ఊరి పంచాయతీ గోడమీద రాయండి చాలు.

సిడ్నీకి దక్షిణాన వరాటా అనే వాగు కింద బొగ్గు తవ్వితే పైనున్న రాతి అడుగు బీటలువారి నీళ్ళు లోపలికి ఇంకిపోయాయి. అదే దేశంలో 2020లో ఓ ఇనుప ఖనిజం కంపెనీ జూకన్ లోయలో ఆదివాసుల పవిత్ర గుహల్ని చట్టప్రకారం అనుమతి తీసుకునే పేల్చేసింది. 46 వేల ఏళ్ళనాటి మనిషి ఆనవాళ్ళున్న చోటు. ప్రపంచమంతా తిట్టాక ఆ కంపెనీ అధిపతి పదవి వదులుకున్నాడు. వాగు ఎండినా గుహ పేలినా కంటికి కనపడుతుంది. ఆరొందల అడుగుల లోతున నీరు చెడితే ఎవరికి కనపడుతుంది? సీమలో బోరు వేసేముందు కొబ్బరికాయ కొట్టి గంగమ్మకి మొక్కుతారు. మాకదే పవిత్ర స్థలం. గుడి గోపురం లేదు కాబట్టి లెక్కలోకి రాదు, అంతే తేడా.

కర్నూలు జిల్లా కప్పట్రాళ్ళ అడవిలో యురేనియం కోసం 68 చోట్ల బోర్లు వేస్తారని తెలిసి 2024లో ఊళ్ళవాళ్ళు రోడ్డెక్కారు. అప్పుడుగానీ ప్రభుత్వం ఆపుతామనలేదు. వాళ్ళకి భయం ఊరికే పుట్టలేదు, కడప జిల్లాని చూసి పుట్టింది.

"నువ్వు కరెంటు వాడవా?" అంటారు. వాడతాను, రోజంతా. అందుకే అడుగుతున్నా. నా కరెంటు ఖర్చు వేముల రైతు బోరులోంచి కట్టే హక్కు నాకెవరిచ్చారు? తవ్వింది మీరు. తప్పు మీది కాదని నిరూపించాల్సిందీ మీరే. రైతు కాదు.