మన ప్రాజెక్టుల లెక్క చూసేవాళ్లేరీ?

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదువుకున్న ఒక తెలుగు యువకుడు ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లాడు. సైన్యానికి చెందిన సర్వే విభాగంలో ఇంటర్వ్యూ. ఆ ఉద్యోగం రాలేదు. గణాంక శాస్త్రంలో శిక్షణ ఇచ్చే సంస్థ ఆ ఊళ్లోనే ఉందని తెలిసి, 1941 జనవరి 1న అందులో చేరాడు. అప్పటికి ఇరవై ఏళ్లవాడు. ఆయనే సి.ఆర్.రావు. నాలుగేళ్లకు, 1945లో, కలకత్తా గణిత సంఘం పత్రికలో ఆయన రాసిన వ్యాసం ప్రపంచంలో గణాంకాలు చదివే ప్రతి విద్యార్థికీ పాఠమైంది.

రావుగారి సిద్ధాంతాలు మనవాళ్లకు గర్వకారణం. ఆయన చేరిన సంస్థా, దాని వ్యవస్థాపకుడూ ప్రభుత్వాల కోసం చేసిన పని గురించి మాత్రం మన డిగ్రీ కాలేజీల్లో ఎవరూ చెప్పరు. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. నది అడుగు మేటవేసి పైకి లేచిందనీ, గట్ల ఎత్తు పెంచాలనీ ఇంజినీర్లు తేల్చారు. ఆ సంస్థను తర్వాత స్థాపించిన మహలనోబిస్ అరవై ఏళ్ల వర్షపాతం, వరదల లెక్కలు ముందేసుకుని చూశారు. నది అడుగు లేవలేదు. గట్లు పెంచితే డబ్బు దండగే తప్ప వరద ఆగదు, ఎగువన జలాశయాలు కట్టాలి అన్నారు. పని మొదలుకాకముందే, కాగితం మీదే, ఒక ప్రభుత్వాన్ని తప్పుడు ఖర్చు నుంచి కాపాడగల మాట అది.

ఇలాంటి మాట చెప్పే ఉద్యోగాన్నే ఇవాళ పోర్ట్‌ఫోలియో అనలిస్ట్ అంటున్నారు. ఒక శాఖ చేతిలో ఉన్న పనులన్నిటినీ ఒకే చోట పెట్టి చూడాలి. ఏది ఎంతవరకు వచ్చింది, ఏది ఎక్కడ ఆగింది, ఏ పని కోసం ఏది ఆపాలి, ఇంకా ఎంత డబ్బు కావాలి అన్నది పైవాళ్లకు చెప్పాలి. బ్రిటన్ లాంటి దేశాల్లో ఉన్న ఉద్యోగమే ఇది. మన దగ్గర కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ 150 కోట్లు దాటిన కేంద్ర ప్రాజెక్టులను ఇలా గమనిస్తుంటుంది. 2024 మార్చి త్రైమాసికం నాటికి ఆ జాబితాలో 1,873 ప్రాజెక్టులుంటే 449 ప్రాజెక్టుల ఖర్చు అంచనా దాటింది. అన్నిటిదీ కలిపి దాటిన మొత్తం 5 లక్షల కోట్ల పైమాటే. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ పట్టికలోని ఖాళీ గడులు. వందల ప్రాజెక్టులకు 'ఎప్పటికి పూర్తవుతుంది' అన్న చోట తేదీయే ఉండదు. కొత్తగా చేరిన అనలిస్ట్ పని అక్కడ మొదలవుతుంది. పని జరిగిన శాతానికీ బిల్లులు చెల్లించిన శాతానికీ పొంతన ఎందుకు లేదు, భూసేకరణ ఏ మండలంలో ఆగింది, అటవీ అనుమతి దరఖాస్తు ఎవరి బల్ల మీద ఉంది అని అడిగి, ఆ గడి నింపించాలి.

కలకత్తాలోనే కళ్లెదుట ఉదాహరణ ఉంది. హుగ్లీ నది కింద నుంచి వెళ్లే ఈస్ట్-వెస్ట్ మెట్రోకు 2009లో శంకుస్థాపన జరిగింది. మొదటి అంచనా 4,874 కోట్లు. మధ్యలో దారి మార్చి ఎస్ప్లనేడ్ మీదుగా తిప్పారు. 2019 ఆగస్టు 31న బౌబజార్‌లో సొరంగం తవ్వే యంత్రానికి నీటిపొర తగిలి పైన ఇళ్లు కుంగాయి. 2020లో కేంద్ర మంత్రివర్గం 8,575 కోట్ల సవరించిన అంచనాకు ఆమోదం తెలిపింది. మొత్తం 16.6 కిలోమీటర్ల దారి ఒక కొన నుంచి మరో కొనకు తెరుచుకున్నది 2025 ఆగస్టు 22న. నీటిపొరను ఏ అనలిస్టూ ఆపలేడు. దారి మార్చే రోజున దాని అసలు ఖరీదు ఎంత, ఎన్నేళ్ల ఆలస్యం అని లెక్కకట్టి ఫైల్లో రాసే మనిషి మాత్రం ఉండి తీరాలి.

మన సంగతి ఇంతకన్నా ఘోరం. కాళేశ్వరం ప్రాజెక్టులో పెట్టే ప్రతి రూపాయికీ రూపాయి యాభై ఒక్క పైసల ప్రయోజనం వస్తుందని కేంద్ర జల సంఘానికి చెప్పారు. యాభై రెండు పైసలే రావచ్చని కాగ్ తేల్చింది. 81,911 కోట్లు అనుకున్న ఖర్చు 1,47,427 కోట్లు దాటవచ్చంది. ఆ నివేదిక శాసనసభ ముందుకొచ్చింది 2024 ఫిబ్రవరిలో. అప్పటికే ఆ ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగి నెలలు గడిచాయి. ఆడిట్ శవపరీక్ష లాంటిది. రోగి బతికుండగా నాడి చూసేవాడు మన సచివాలయాల్లో లేడు.

ఆ పని చేయడానికి ఇప్పుడు రాష్ట్రాలు ఏం చేస్తున్నాయి? కన్సల్టెన్సీ కంపెనీలకు కాంట్రాక్టు ఇచ్చి, వాళ్లు పంపిన కుర్రాళ్లను శాఖల్లో కూర్చోబెడుతున్నాయి. వాళ్లు తెలివైనవాళ్లే, రాత్రనక పగలనక పనిచేస్తారు. కాంట్రాక్టు ముగియగానే వెళ్లిపోతారు. ఏ అంచనా ఎందుకు మారిందో తెలిసిన మనిషి శాఖలో మిగలడు. పైగా, రేపు కాంట్రాక్టు పొడిగించాల్సిన అధికారికే 'ఈ ప్రాజెక్టు గిట్టుబాటు కాదు' అని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? ఉద్యోగ భద్రత ఉన్నవాడే ఆ మాట రాయగలడు. అందుకే ఇది పర్మనెంటు ఉద్యోగం కావాలని గట్టిగా అంటున్నాను.

కేంద్రంలో ఆ దారి ఉంది. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకు గణాంక శాస్త్రం ఒక సబ్జెక్టుగా డిగ్రీ చాలు; వయసు 21 నుంచి 30. రాతపరీక్షకు 1,000 మార్కులు, ఇంటర్వ్యూకు 200. మూలవేతనం 56,100. దానికన్నా కింది స్థాయిలో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) ద్వారా జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుంది, మూలవేతనం 35,400. కలకత్తాలో పోస్టింగు పడితే దిగులుపడే పిల్లల్ని చూశాను. దిగులెందుకు? జాతీయ నమూనా సర్వే లెక్కల్ని సరిచూసే కేంద్రం, దేశ ఎగుమతి దిగుమతుల గణాంకాలు తయారుచేసే డీజీసీఐఎస్, ట్రెజరీ బిల్డింగ్స్‌లో అకౌంటెంట్ జనరల్ కార్యాలయం, అన్నీ ఆ నగరంలోనే ఉన్నాయి. ప్రభుత్వ లెక్క ఎలా పుడుతుందో నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. మొదటి రెండేళ్లు విసుగనిపిస్తాయి, నిజమే. జవాబు రాని ఉత్తరాలు, పొంతన లేని అంకెలు. ఆ విసుగు భరించినవాళ్లకే ఒక నివేదిక చూడగానే అందులో ఏ అంకె అబద్ధమో తెలుస్తుంది.

రెండు తెలుగు ప్రభుత్వాలూ తమ ప్రణాళికా శాఖల్లో ఈ పోస్టులు మంజూరు చేసి, సర్వీస్ కమిషన్ల ద్వారా భర్తీ చేయాలి. ఆ అనలిస్టులు రాసే నివేదికను ఏటా బడ్జెట్‌తో పాటు శాసనసభ ముందు పెట్టాలి. స్టాటిస్టిక్స్ చదివిన పిల్లలూ, మీరు అందాకా ఆగకండి. ఈసారి నోటిఫికేషన్ రాగానే దరఖాస్తు చేయండి.